సార్జంటు గారి షెడ్డు: తెల్లవారుజామున ఐదున్నర క్లాసు

పోయిన నెల ఈ పేజీ చివర నాలుగు లైన్ల చోటు మిగిలింది. ఏదో ఒకటి నింపాలి కదా అని, అమెరికాలో చిన్న విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు ఆన్‌లైన్లో ఉచితంగా సెమినార్లు పెడతారు, అల్ట్రాలైట్ అంటే అక్కడ లైసెన్సు కూడా అడగని బుల్లి విమానం, ఇంతకు మించి వేగం పోకూడదు అని ఒక అంకె వేసి ఊరుకున్నాను. దానికి 23 ఉత్తరాలు వచ్చాయి. స్ప్రేయర్ల మీద, పంపుసెట్ల మీద మూడేళ్ళుగా రాస్తున్నా నెలకి ఆరు దాటలేదు. అందుకని ఈసారి పంపులన్నీ పక్కన పెట్టేశాను.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నేను పైలట్‌ని కాదు. వాయుసేనలో ఇరవై ఏళ్ళు ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి, సార్జంటుగా బయటికొచ్చాను. ఒడిశాలోని రాయగడలో రేకుల షెడ్డు ఒకటి వేసుకుని టూ స్ట్రోక్ ఇంజిన్లు బాగుచేస్తాను. విమానం గురించి నాకు తెలిసిందంతా ముక్కు దగ్గర నుంచి, అంటే ఇంజిన్ దగ్గర నుంచి తెలిసింది. తోక సంగతి అడిగితే జాగ్రత్తగా జవాబు చెబుతాను.

ఈ సెమినార్లు ఎవరు పెడతారు? నిజంగానే ఉచితమా? ఏ టైముకి వస్తాయి?
— డిగ్రీ విద్యార్థి, రాయగడ

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓష్‌కోష్ అనే ఊరుంది. అక్కడ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని, పొట్టిగా ఈ.ఏ.ఏ. అని ఒక సంఘం. ఇంటి గ్యారేజీలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళని పోగుచేసి పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో మొదలుపెట్టాడు. ఏటా జూలై ఆఖరున ఓష్‌కోష్‌లో విమానాల తిరనాళ్ళు జరుగుతాయి. జాన్ మూడీ అనే ఆయన హ్యాంగ్ గ్లైడర్‌కి చిన్న ఇంజిన్ కట్టుకుని, కాళ్ళతో పరిగెత్తి గాల్లోకి లేచి జనానికి చూపించింది అక్కడే, 1976లో. ఆ తర్వాతే ఈ అల్ట్రాలైట్ల గాలి ఊపందుకుంది.

ఉచితమే. పేరు, ఈమెయిల్ ఇస్తే లింకు వస్తుంది. మెంబరు కానక్కర్లేదు. వాళ్ళ విమానయాన శాఖ, అంటే ఎఫ్.ఏ.ఏ., దాని భద్రతా విభాగం కూడా ఇలాంటివే పెడుతుంది. అన్నీ అల్ట్రాలైట్ల మీదే ఉండవు. ఒక వారం రెక్కకి గుడ్డ అతికించడం, ఒక వారం రివిట్లు కొట్టడం, ఇంకో వారం రేడియోలో మాట్లాడటం. ముందే జాబితా చూసి ఎంచుకోండి.

ఇక టైము. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఎక్కువ సెమినార్లు వాళ్ళ మంగళవారమో బుధవారమో రాత్రి 7 గంటలకి, సెంట్రల్ టైము ప్రకారం మొదలవుతాయి. అంటే మనకి మర్నాడు తెల్లవారుజాము. చలికాలంలో అది 6:30. కానీ వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఆ మధ్య నెలల్లో మనకి 5:30. ఇది తెలియక ఒక మార్చి నెలలో నేను స్నానం చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని, దర్జాగా 6:30కి కూర్చున్నాను. తెర మీద అందరూ థాంక్యూలు చెప్పుకుంటున్నారు.

మా బాబు పదో తరగతి. బుధ, గురువారాలు తెల్లవారుజామున అయిదింటికే లేచి ఫోన్లో ఈ ఇంగ్లిషు క్లాసులు వింటున్నాడు. లెక్కలు చెయ్యడానికి లేవరా అంటే మాత్రం లేవడు. ఫోన్ లాగేసుకుంటానని వాళ్ళ నాన్నగారు అంటున్నారు. దీనివల్ల వాడికి ఏమైనా లాభం ఉందా, లేక నష్టమేనా?
— ఒక తల్లి, గుణుపురం

అమ్మా, అయిదింటికి తనంతట తాను లేచే టెన్త్ కుర్రాణ్ణి నేను నా జీవితంలో ఇద్దరినే చూశాను, ఇద్దరూ పేపర్లు వేసేవాళ్ళు. ఫోన్ లాక్కోకండి. వారంలో ఒక్క క్లాసు అని ఒప్పందం చేసుకోండి. ఆ క్లాసులో వచ్చిన అంకెలు వాడి చేతే లెక్క కట్టించండి. పౌన్లు కిలోల్లోకి, గ్యాలన్లు లీటర్లలోకి, అడుగులు మీటర్లలోకి. లెక్కలు చెయ్యడంటున్నారు కదా, చేస్తాడు.

లాభం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. విన్నందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, లైసెన్సూ ఇవ్వరు. మన దేశంలో విద్యార్థి పైలట్ లైసెన్సుకి 16 ఏళ్ళు నిండాలి, ప్రైవేటు పైలట్ లైసెన్సుకి 17 నిండి, పది పాసై, 40 గంటలు ఎగిరి ఉండాలి. ఆ గంటలు డబ్బుతో కూడిన పని, అదీ చిన్న డబ్బు కాదు. మనలాంటి ఇళ్ళ పిల్లలకి ముందు కనబడే దారి ఎన్.సి.సి. ఎయిర్ వింగ్. భువనేశ్వర్‌లో ఎయిర్ స్క్వాడ్రన్ ఉంది. ఎన్.సి.సి. వాళ్ళు కేడెట్లని మైక్రోలైట్లలో, అంటే తేలికపాటి బుల్లి విమానాల్లో ఎక్కిస్తారు. ఇప్పుడు వాళ్ళ దగ్గరున్నవి స్లొవేనియాలో తయారైన వైరస్ ఎస్.డబ్ల్యు. 80 విమానాలు. పేరు చూసి భయపడకండి, పేరు కరోనాకి చాలా ముందుది. ఇద్దరు కూర్చునేది, 80 హార్స్ పవర్ రోటాక్స్ ఇంజిన్. ఇంటర్‌కి, డిగ్రీకి కాలేజీ వెతికేటప్పుడు హాస్టలుందా, మెస్సు బాగుందా అని అడుగుతారు కదా, అప్పుడే ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ ఉందా అని కూడా అడగండి. చాలా కాలేజీల్లో ఉన్నది ఆర్మీ వింగే. రెండూ ఒకటే అనుకుని చేరి తర్వాత బాధపడినవాళ్ళని చూశాను.

మీ కవరులో ఇంకో చీటీ కూడా ఉంది, మీకు తెలుసో తెలియదో. దాని సంగతి ఆఖర్న చెబుతాను.

సార్, వాళ్ళ ఇంగ్లిషు అర్థం కావట్లేదు. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. తప్పులుంటే క్షమించండి.
— ఐటీఐ విద్యార్థి, పర్లాకిమిడి

ఈ ఉత్తరం గురించి మిగతా పాఠకులకి చెప్పాలి. మాట తెలుగు, రాసింది ఒడియా అక్షరాల్లో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న మన పిల్లలు ఇలాగే రాస్తారు. నా చెల్లెలు కూడా పెళ్ళయ్యాక అమ్మకి ఇలాగే రాసేది. తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు తప్పేమీ కనబడలేదు.

ఇంగ్లిషుకి భయపడకు. ఈ క్లాసుల్లో వాడే మాటలు మహా అయితే ఒక వంద. మొదటి నెల మాటలు పట్టుకో, వాక్యాలు వాటంతట అవే వస్తాయి. నాట్లు అంటారు, వరినాట్లు కాదు. గాల్లో వేగానికి కొలత, ఒక నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. స్టాల్ అంటారు, టీ స్టాల్ కాదు. ఇంజిన్ ఆగిపోవడం అంతకన్నా కాదు. బైకు నేర్చుకునేటప్పుడు క్లచ్ వదిలితే 'స్టాల్ అయింది' అంటాం కదా, అందుకే మన మెకానిక్కులకి ఈ మాట దగ్గర తికమక. విమానంలో స్టాల్ అంటే రెక్క, ఎదురొచ్చే గాలికి మరీ ఎక్కువ కోణంలో నిలబడి, గాలి దాని వీపుని అంటుకోకుండా విడిపోవడం. ఇంజిన్ ఫుల్లుగా అరుస్తున్నప్పుడు కూడా రెక్క స్టాల్ అవుతుంది. ఇది ఒక్కటి అర్థమైతే సగం సెమినార్లు అర్థమైనట్టే.

తెర అడుగున అక్షరాలు వచ్చే సౌకర్యం ఉంటే పెట్టుకో. కొన్నింటికి రికార్డింగు తర్వాత కూడా దొరుకుతుంది, ఆపి ఆపి చూడొచ్చు. చివర ప్రశ్నలు అడగడానికి ఒక గడి ఉంటుంది. అందులో విరిగిన ఇంగ్లిషులో రాసినా చదివి జవాబిస్తారు.

సెమినార్ విన్నట్టు సర్టిఫికెట్ ఇస్తారట. ఎయిర్‌పోర్టు ఉద్యోగానికి పనికొస్తుందా?
— కొరాపుట్

పనికిరాదు. అక్కడి పైలట్లకి ఏదో క్రెడిట్ కలుస్తుంది, మనకి కాగితం మిగులుతుంది.

అమెరికాలో అల్ట్రాలైట్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదని సెమినార్లో నా చెవులతో విన్నాను. మాకు వెల్డింగ్ షాపు ఉంది. అల్యూమినియం పైపులు, 150 సీసీ బైకు ఇంజిన్ పెట్టి ఒకటి కట్టి, దగ్గర్లోని పాత ఎయిర్‌స్ట్రిప్ మీద లేపుదామని ఉంది. డ్రోన్ మ్యాప్‌లో చూస్తే మా ఊరు ఆకుపచ్చగానే ఉంది. మీ సలహా?
— మునిగుడ

మీరు విన్నది నిజమే. అమెరికా నిబంధనల్లో పార్ట్ 103 అని ఒకటుంది, 1982 నుంచి అమల్లో ఉంది. ఒక్కరే కూర్చోవాలి. ఖాళీ బరువు 254 పౌన్ల లోపు, అంటే సుమారు 115 కిలోలు. పెట్రోలు 5 గ్యాలన్లు మించకూడదు, దగ్గర దగ్గర 19 లీటర్లు. ఫుల్ పవర్‌లో తిన్నగా పోతే 55 నాట్లు దాటకూడదు. ఇంజిన్ ఆపేసినప్పుడు 24 నాట్ల లోపు వేగం దాకా రెక్క స్టాల్ అవకుండా మోయాలి. ఈ గీతల లోపల ఉంటే వాళ్ళు దాన్ని విమానం కింద కాకుండా వేరే లెక్కలో చూస్తారు. లైసెన్సు లేదు, నంబరు లేదు. కానీ ఊళ్ళ మీద ఎగరకూడదు, పగలే ఎగరాలి, సరదాకే తప్ప డబ్బుకి ఎగరకూడదు. పక్కన ఇంకొకళ్ళని ఎక్కించుకోరు, జనం మీద నుంచి పోరు, అందుకే అంత వదులు.

ఆ గీత అమెరికా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. మన దగ్గర మనిషి ఎక్కి ఎగిరేది ఏదైనా డి.జి.సి.ఎ., అంటే మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ, దాని పరిధిలోకి వస్తుంది. మైక్రోలైట్ అంటే వీ.టీ. అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరుండాలి, నడిపేవాడికి అర్హత ఉండాలి, భద్రతా అనుమతులుండాలి. పాత 1934 నాటి చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. చట్టం పేరు మారిందని గాలి ఖాళీగా వదిలెయ్యలేదు. పైగా మనవి పోలీసులు, కేంద్ర బలగాలు ఏళ్ళ తరబడి కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాసిన జిల్లాలు. ఇక్కడ చెట్ల మీంచి చెప్పాపెట్టకుండా ఒకటి లేస్తే, మీరు దిగేలోపే కింద జీపు ఉంటుంది.

ఆ ఆకుపచ్చ మ్యాపు మనిషి లేని డ్రోన్లకి. ఆకుపచ్చ ఉన్నచోట 120 మీటర్ల ఎత్తు దాకా అనుమతి అడగక్కర్లేదని దాని అర్థం. మీరు మనిషి. మీకు వర్తించదు.

ఇప్పుడు చట్టం పక్కన పెట్టి ఫిట్టర్‌గా మాట్లాడతాను, ఎందుకంటే మీరు వెల్డర్, మీకిది బాగా తెలియాలి. అల్ట్రాలైట్లలో ఎక్కువగా వాడే అల్యూమినియం పైపు 6061-టీ6. ఆ టీ6 అంటే వేడి చేసి, చల్లబరిచి, మళ్ళీ కాచి తెచ్చిన బలం. మీరు టిగ్ టార్చి పెట్టగానే అతుకు చుట్టుపక్కల ఆ బలం కరిగిపోతుంది. అతుకు అందంగా ఉంటుంది, దాని పక్కన అంగుళం మెత్తబడి ఉంటుంది. అందుకే వాళ్ళు అల్యూమినియం పైపుల్ని బోల్టులతో, పలకలతో బిగిస్తారు. వెల్డింగ్ చెయ్యాలంటే క్రోమోలీ స్టీలు పైపు తీసుకుంటారు.

బైకు ఇంజిన్ సంగతి. అది 8,000 ఆర్.పి.ఎం. దగ్గర తన పవర్ ఇస్తుంది. 1.3 మీటర్ల ప్రొపెల్లర్‌ని దానికి తిన్నగా తగిలిస్తే రెక్క కొస సెకనుకి 540 మీటర్ల పైన తిరగాలి. ధ్వని వేగం 340. కొస ధ్వనిని దాటితే అరుపే తప్ప లాగుడు ఉండదు, ఆ లోపే ప్రొపెల్లర్ ముక్కలై మీ వైపే వస్తుంది. కాబట్టి వేగం తగ్గించే గేరో బెల్టో కావాలి. పెట్టారే అనుకోండి, బైకు ఇంజిన్ ఓవర్‌టేక్ చేసినప్పుడు పది సెకన్లు ఫుల్లుగా అరవడానికి పుట్టింది, పావుగంట ఏకబిగిన అరవడానికి కాదు. అల్ట్రాలైట్లకి పేరుపడ్డ రోటాక్స్ 503 అనే టూ స్ట్రోక్ ఇంజిన్ 50 హార్స్ పవర్ ఇచ్చేది. మీ 150 సీసీ ఇచ్చేది అందులో మూడో వంతుకి అటూ ఇటూ.

కట్టాలన్న దురద నాకు తెలుసు, నాకూ ఉంది. థర్మోకోల్‌తో మీటరున్నర రెక్క గ్లైడర్ కట్టి చేత్తో విసరండి. బరువు ముందుకి జరిపితే ఏమవుతుందో, వెనక్కి జరిపితే ఎలా ముక్కు ఎత్తి కూలుతుందో ఒక్క ఆదివారంలో తెలుస్తుంది. నేల మీద కూలితే అరవై రూపాయలు పోతాయి.

గోపాల్‌పూర్ బీచ్‌లో పారామోటార్ రైడ్లు పెడితే టూరిస్టులు బాగా వస్తారు కదా?
— బరంపురం

వస్తారు. పక్కనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ కూడా ఉంది. ఎగిరేవాటిని కూల్చడం నేర్పే బడి అది. అనుమతి లేకుండా ఆ పక్కన ఎగరాలన్న ఆలోచనే నాకు చెమట పట్టిస్తోంది.

నేను గడ్డి మిషన్లు, తైవాన్ స్ప్రేయర్లు బాగుచేస్తాను. మీరు రాశారని టూ స్ట్రోక్ ఇంజిన్ల సెమినార్ ఒకటి విన్నాను. పెట్రోల్లో ఇథనాల్ ఉంటే వాడకండి అని పదిసార్లు చెప్పారు. మన బంకుల్లో అంతా ఇథనాల్ పెట్రోలే కదా. మా మిషన్లకీ అదే నష్టమా?
— మెకానిక్, గుణుపురం

ఇదీ ప్రశ్న. ఇరవైమూడు ఉత్తరాల్లో నేను లేచి నిలబడి చదివింది ఇది ఒక్కటే. విమానం ఎక్కని మనిషి ఆ సెమినార్లో తన పొట్టకూటికి కావలసింది ఏరుకున్నాడు.

అవును తమ్ముడూ, నష్టమే. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. రోటాక్స్ కంపెనీ తన నాలుగు స్ట్రోకుల 912 ఇంజిన్‌కే పది పాళ్ళ దాకా ఒప్పుకుంటుంది. ఇథనాల్‌కి రెండు గుణాలు. ఒకటి, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. కార్బ్యురేటర్ డయాఫ్రం, పెట్రోలు పైపు, ప్రైమర్ బల్బు గట్టిపడి, పగిలి వచ్చేవి ఎక్కువగా దీని బాధితులే. రెండు, గాల్లో తేమని పీల్చుకుంటుంది. వానాకాలం మొత్తం అరట్యాంకు పెట్రోలుతో మూల పడేసిన మిషన్‌లో నీళ్ళు చేరతాయి. ఒక హద్దు దాటాక ఆ నీళ్ళు ఇథనాల్‌ని వెంటబెట్టుకుని ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. మనం కలిపిన టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పైన ఉన్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజిన్ లాగేది అడుగు నుంచి కదా. అంటే ఆయిలు లేని సరుకు మింగుతుంది. పిస్టన్ పట్టేస్తుంది. రైతు వచ్చి 'మొన్ననే ఆయిలు కలిపానండీ' అంటాడు. అతను కలిపాడు, అబద్ధం చెప్పట్లేదు.

నీ దగ్గర గీతలున్న గాజు గొట్టం ఉంటే ఈ పరీక్ష చేసి చూడు. బయట, నిప్పుకి దూరంగా. 10 మిల్లీలీటర్లు నీళ్ళు పోసి గుర్తు పెట్టు. దాని మీద 100 మిల్లీలీటర్లు పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి, కాసేపు నిలబెట్టు. అడుగున నీటి గీత పైకి జరిగి ఉంటుంది. ఎంత జరిగిందో సుమారుగా అంత ఇథనాల్. నేను ఈ గొట్టాన్ని షెడ్డులో కౌంటరు మీదే పెట్టాను. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాను. నోటితో చెబితే నమ్మనివాళ్ళు గొట్టం చూస్తే నమ్ముతారు.

చెయ్యాల్సింది ఇంతే. వారానికి సరిపడా పెట్రోలే కొనమను. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్లో మిగిలింది కూడా కాలిపోయేదాకా నడిపి ఆపమను. ఆయిలు కంపెనీ పుస్తకంలో ఉన్న పాళ్ళలో కలపాలి. 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, మూత కొలత కాదు. మూతలు అన్నీ ఒక సైజువి కావు, నేను ఆరు బ్రాండ్ల మూతలు కొలిచి చూశాను.

ప్లగ్గు రంగు గురించి కూడా వాళ్ళు బాగా చెబుతారు. లేత ఇటుకరంగు ఉంటే సరే. తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువైంది, ఇంకో రెండు పూటల్లో పట్టేస్తుంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నీకు ఇది ముందే తెలిసి ఉంటుంది. కానీ పిస్టన్‌కి చల్లటి పొద్దున గీతలు ఎందుకు పడతాయో విను ఒకసారి. సిలిండరు వేడెక్కకుండా ఫుల్ రేస్ ఇస్తే లోపల పిస్టన్ ముందు ఉబ్బుతుంది, బయట గోడ ఇంకా బిగుసుకునే ఉంటుంది. స్టార్ట్ చేసిన వెంటనే గుయ్యిమనిపించి కొనేవాడికి చూపించే అలవాటు మన షాపుల్లో ఉంది చూశావూ, అది మానెయ్యాలి.

గాల్లో ఇంజిన్ ఆగిపోతే రాయిలా పడిపోతారా?
— టీచరు, పర్లాకిమిడి

లేదండీ టీచరు గారూ. రెక్కని మోసేది గాలి, ఇంజిన్ కాదు. ఆగినా జారుబల్ల మీద నుంచి దిగినట్టు దిగుతుంది. మరీ బుల్లి విమానాలు పెద్దవాటిలా దూరం జారవు, ముక్కు వెంటనే దించి వేగం నిలబెట్టుకోవాలి. చంపేది ఆగడం కాదు, ఆగాక చేసే పని.

నేను విన్నవాటిలో కనీసం నాలుగు సెమినార్లు దీని చుట్టూనే తిరిగాయి. లేచిన కొత్తలో, అరవై డెబ్బై మీటర్ల ఎత్తులో ఆగిందనుకోండి. మనసు వెనక్కి, లేచిన రన్‌వే వైపు లాగుతుంది. గభాల్న తిరగాలంటే విమానాన్ని బాగా వాల్చాలి. ఎత్తు పోకుండా 60 డిగ్రీలు వాల్చి తిప్పితే రెక్క మీద బరువు రెట్టింపు, స్టాల్ అయ్యే వేగం 1.41 రెట్లు. మామూలుగా గంటకి 44 కిలోమీటర్ల దాకా నిలబడే రెక్క 62 దగ్గరే చేతులెత్తేస్తుంది. తిరగడం పూర్తయ్యేలోపే నేల. అందుకే వాళ్ళ బోధన ఒకటే: ఎదురుగా ఏముంటే అందులో దిగు. జొన్నచేను అయినా సరే, విమానం విరిగినా సరే.

అంతకంటే నాకు నచ్చింది ఇంకోటి. లేచే ముందే, నేల మీదే, 'ఇప్పుడు ఆగితే అదిగో ఆ పొలం' అని పైకి గట్టిగా చెప్పుకోమంటారు. వాయుసేనలో ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు మేమూ ఇలాగే నిప్పు ఆర్పే బుడ్డి ఎక్కడుందో వేలితో చూపించి చెప్పేవాళ్ళం. ఎదుటివాడు నవ్వుతాడని నోరు మూసుకున్నవాడే తర్వాత దాని కోసం వెతుక్కుంటాడు.

ఒకతను ఫోన్ చేసి ఉచిత అల్ట్రాలైట్ సెమినార్ అన్నాడు. గంట మాట్లాడాక ట్రైనింగు సీటు ఖాయం చెయ్యడానికి 4,999 రూపాయలు వెంటనే యూపీఐ చెయ్యమన్నాడు. చెయ్యాలా?
— బిస్సంకటక్

వద్దు. మళ్ళీ చేస్తే డి.జి.సి.ఎ. అనుమతి పత్రం పంపమనండి. ఫోన్ అతనే పెట్టేస్తాడు.

ఇలాంటి విమానాలు పొద్దున్నే, సాయంత్రమే ఎందుకు ఎగురుతాయి? మా జయపురంలో చిన్న విమానం పగలు కూడా వస్తోంది కదా?
— జయపురం

మీ ఊరికి 2022 నుంచి వస్తున్నది తొమ్మిది మంది కూర్చునే సెస్నా కారవాన్. చిన్నదే, కానీ కొన్ని టన్నుల బరువు, టర్బైన్ ఇంజిన్. అల్ట్రాలైట్ దాని పక్కన పేడపురుగు.

ఎండ వేడికి గాలి పలచబడుతుంది, నీళ్ళు పోసిన మజ్జిగలాగ. రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కి ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కి తొయ్యడానికి ఏమీ దొరకదు. మా రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తు. మే నెలలో 42 డిగ్రీలుంటే, విమానం లెక్కలో అది 1,200 మీటర్ల పైన ఉన్నట్టు. రన్‌వే అదే, మనిషి అదే, కొండ మాత్రం వెయ్యి మీటర్లు పైకొచ్చినట్టు. మీ జయపురం ఇంకా ఎత్తు కాబట్టి ఇంకా కష్టం. దానికి తోడు మధ్యాహ్నం నల్లరాతి కొండల మీద నుంచి వేడిగాలి బుడగలు బుడగలుగా లేస్తుంది, పక్కనే చల్లగాలి దిగుతుంది. నూట పదిహేను కిలోల బండి అందులో చేటలో బియ్యంలా ఎగురుతుంది.

ఒక సెమినార్లో ప్రశ్నల గడిలో ఇదే అడిగాను, 42 డిగ్రీల్లో ఎంత బరువు తగ్గించాలి అని. చెప్పే ఆయన దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చుకుని, 108 అని చదివి, కాసేపు ఆగి, 'అప్పుడు నీడలో కూర్చోండి' అన్నాడు. ఊరి పేరు మాత్రం రాయ్‌గాడా, రేగేడా అని మూడు రకాలుగా పలికాడు.

నాకు 67 ఏళ్ళు. రైల్వేలో చేసి రిటైరయ్యాను. ఎగిరేది లేదు, కట్టేది లేదు. అయినా ఆ క్లాసులు వింటున్నాను. ఇంట్లో నవ్వుతున్నారు. మీరెందుకు వింటారు?
— బరంపురం

మా ఇంట్లోనూ నవ్వుతారండీ. నేను మైక్రోలైట్ ఎక్కింది ఒక్కసారి, బెంగళూరు జక్కూరులో, పది నిమిషాలు, డబ్బు కట్టి. కింద చెరువు ఉంది, ఊరుంది, అందరూ ఫోటోలు తీసుకుంటారట. నేను ఆ పది నిమిషాలూ వెనక ఇంజిన్ చప్పుడే విన్నాను. దిగాక పైలట్ ఎలా ఉంది సార్ అంటే, రెండో సిలిండరు ప్లగ్గు ఒకసారి చూసుకో బాబూ అన్నాను. చూశాడు కూడా. మీరు వినండి. పాత రైలు సిగ్నళ్ళ గురించి ఒక ముసలాయన ప్రశ్నల గడిలో రాస్తే, అది మీరేనని నేను పోల్చుకుంటాను.

సవరణ

పోయిన నెల నాలుగు లైన్లలో, అల్ట్రాలైట్ 'గంటకి 55 కిలోమీటర్లు' దాటకూడదని రాశాను. తప్పు. అది 55 నాట్లు, అంటే గంటకి దాదాపు 102 కిలోమీటర్లు. అచ్చులో పడిన పొరపాటు కాదు, నా చేతిరాతలోనే అలా ఉంది. గుణుపురం నుంచి వచ్చిన ఒక కవరులో, తల్లి ఉత్తరం వెనక, నోటుబుక్కులోంచి చింపిన చీటీ ఒకటి ఉంది. 55ని 1.852తో గుణించి, 101.86 అని కింద రెండు గీతలు కొట్టి, 'సార్, స్కూటీ కూడా 55 వెళ్తుంది' అని రాసి ఉంది.